‘ఫింగర్స్ క్రాస్డ్’ అని ఎవరు ఎవరితో అనవచ్చు? హనుమకొండ తరగతి నుంచి ఒక కేస్ స్టడీ

నేను హనుమకొండలో పదిహేనేళ్లుగా ఉద్యోగులకూ, ఉద్యోగ ప్రయత్నంలో ఉన్నవారికీ ఇంగ్లీషులో రాయడం నేర్పుతున్నాను. ఇంగ్లీషు మాట్లాడటం నేర్పేవారు ఈ ఊళ్లో వీధికొకరు దొరుకుతారు గాని, ఈమెయిల్, ఫిర్యాదుకు జవాబు, సెలవు చీటీ, చాట్ సందేశం వంటి వాటిని పక్కన కూర్చోబెట్టి వాక్యం వాక్యంగా రాయించేవారు తక్కువ. నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది పరకాల, నర్సంపేట, ములుగు, భూపాలపల్లి వైపు పల్లెల నుంచి వచ్చి ఇక్కడ గదులు అద్దెకు తీసుకుని ఉంటున్నవారు. వ్యాకరణం వారిని భయపెడుతుంది గాని పెద్దగా దెబ్బ తీయదు. క్రియ తప్పు రాస్తే చదివేవారు సర్దుకుని అర్థం చేసుకుంటారు. జాతీయం తప్పు చోట పడితే మాత్రం చదివేవారు దాన్ని భాషలోని దోషంగా చూడరు, రాసిన మనిషి స్వభావంగా చూస్తారు. మంచి జరగాలని కోరుకుంటూ ఇంగ్లీషులో అనే ‘ఫింగర్స్ క్రాస్డ్’ అన్న జాతీయం చుట్టూ తిరిగే ఈ కేసును వివరంగా రాయాలనుకోవడానికి కారణం అదే.

ఇందులోని వ్యక్తిని గుర్తుపట్టగల వివరాలన్నీ తీసేశాను. ఆమె అనుమతితోనే రాస్తున్నాను.

జరిగింది

ఆ అమ్మాయికి అప్పుడు ఇరవై నాలుగేళ్లు. ఊరు పరకాల అవతల ఒక పల్లె. తండ్రి నాలుగెకరాల్లో పత్తి వేసే రైతు. బీఫార్మసీ పూర్తి చేసి, నా దగ్గర మూడు నెలల సాయంత్రపు తరగతికి వచ్చి, ఆ తర్వాత ఇక్కడే ఒక చిన్న కార్యాలయంలో చేరింది. వైద్య పరికరాలు కొన్న విదేశీ వినియోగదారులు ఈమెయిల్‌లో పంపే ఫిర్యాదులకు జవాబులు రాయడం ఆమె పని.

ఉద్యోగంలో చేరిన ఐదో వారంలో, ఒక సాయంత్రం ఏడు దాటాక, తరగతి అయిపోయి నేను బోర్డు తుడుస్తుండగా వచ్చింది. చేతిలో నాలుగుగా మడిచిన రెండు కాగితాలు ఉన్నాయి. అవి ఆమె రాసిన ఈమెయిల్, దానికి వచ్చిన జవాబు. పేర్లను, ఆర్డర్ నంబర్లను నల్ల స్కెచ్ పెన్నుతో పూర్తిగా కొట్టేసి తెచ్చింది. ఆ జాగ్రత్త చూసినప్పుడే ఈ అమ్మాయి పనిని తేలికగా తీసుకునే మనిషి కాదని నాకు మరోసారి అనిపించింది.

విషయం ఇది. ఇంగ్లండ్ నుంచి ఒక మహిళ రాశారు. ఆమె తల్లి ఎనభై దాటిన మనిషి. వినికిడి యంత్రం చెడిపోతే మరమ్మతుకు పంపారు. మూడు వారాలైనా తిరిగి రాలేదు. తల్లి ఫోన్ ఎత్తడం మానేసిందని, ఎవరైనా వచ్చి తలుపు కొట్టినా ఆమెకు తెలియడం లేదని రాశారు. దానికి మా అమ్మాయి రాసిన జవాబులో ముఖ్యమైనవి రెండే వాక్యాలు: ‘ఐ హ్యావ్ ఫార్వర్డెడ్ యువర్ కంప్లైంట్ టు ద రిపెయిర్ టీమ్. ఫింగర్స్ క్రాస్డ్!’ చివర ఆశ్చర్యార్థకం కూడా ఉంది.

రెండో కాగితంలో ఆ మహిళ కోపంగా అరవలేదు. తన తల్లికి చెవులు వినబడటం అన్నది మీ సంస్థ దృష్టిలో అదృష్టానికి సంబంధించిన విషయమా అని ఒక్క ప్రశ్న అడిగి, ఇకపై పై అధికారితోనే మాట్లాడతానని రాశారు. ఆ మధ్యాహ్నం టీమ్ లీడర్ ఈ అమ్మాయిని పిలిచి, ఇక మీదట ప్రతి జవాబూ తనకు చూపించాకే పంపాలని చెప్పారు.

ఆమె నాతో అన్న మాటలు అప్పుడే నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ‘‘సార్, నేను చెడ్డగ ఏం రాయలే. ఆ ముసలమ్మకు జల్ది మంచిగ కావాలె అని మనసుల అనుకొనే రాసిన. మన దగ్గర దేవుని దయ అంటం గద, గట్లనే అనుకున్న.’’

తప్పు ఎక్కడ మొదలైంది

ఆమె వెళ్లాక నేను మొదట చేసిన పని, మూడు నెలల క్రితం ఆ బ్యాచ్‌కు ఇచ్చిన కాగితం వెతికి తీయడం. ఒకే పేజీలో నలభై జాతీయాలు, ఒక్కో దానికి ఒక్కో పంక్తి. ఇరవై మూడో వరుసలో ఉంది: ‘ఫింగర్స్ క్రాస్డ్: మంచి జరగాలని కోరుకోవడం.’ ఈ అర్థం తప్పు కాదు, ఏ నిఘంటువు చూసినా దాదాపు ఇదే ఉంటుంది. కాని ఆ అమ్మాయి సరిగ్గా దాన్నే నమ్ముకుని రాసింది. మంచి జరగాలని నిజంగా కోరుకుంది, కోరుకుంటున్నానని రాసింది. నేను అర్థం ఇచ్చాను, బరువు ఇవ్వలేదు. ఈ కేసులో మొదటి పొరపాటు నాది. తర్వాతి పనంతా ఆ పొరపాటును సరిదిద్దే ప్రయత్నమే.

బరువు అంటున్నది దేన్నో కొంచెం వివరంగా చెప్పాలి. చూపుడు వేలి మీదికి మధ్య వేలిని మెలివేసి పట్టుకోవడం ఈ సైగ. క్రైస్తవుల శిలువ గుర్తుతో దీనికి సంబంధం ఉందని సాధారణంగా చెబుతారు. అయితే ఇవాళ ఇంగ్లీషు వాడుకలో అందులో భక్తి ఏమీ మిగల్లేదు. బ్రిటన్‌లో 1994 నవంబరులో నేషనల్ లాటరీ మొదలైనప్పుడు దాని గుర్తుగా పెట్టుకున్నది నవ్వు మొహంతో, వేళ్లు మెలివేసిన చెయ్యి బొమ్మనే. లాటరీ టికెట్ కొన్న మనిషి చేయగలిగింది ఇంకేమీ లేదు, చీటీ తీసేదాకా ఎదురు చూడటమే. తగిలితే సంతోషం, తగలకపోతే రెండు పౌండ్లో మూడు పౌండ్లో పోయాయనుకోవడం. ఆ జాతీయం సహజంగా ఉండే చోటు అది. ఫలితం ఎవరి చేతిలోనూ లేదు, పోయినా కొంప మునగదు, చెప్పే గొంతులో కాస్త చనువు, కాస్త ఆట ఉంటాయి.

మన వైపు మంచి కోరుకోవడానికి ఉన్న మాటల దారి వేరు. ఈ అమ్మాయికి ఉద్యోగం వస్తే ఎత్తు బంగారం ఇస్తానని ఆమె తల్లి మేడారం సమ్మక్కకు మొక్కుకుంది. రెండేళ్లకోసారి వచ్చే జాతరలో, తక్కెడలో మనిషిని కూర్చోబెట్టి, ఆ మనిషి ఎత్తు బెల్లాన్ని గద్దెలకు సమర్పించడం ఓరుగల్లు చుట్టుపక్కల ఇంటింటికీ తెలిసిన సంగతి. అక్కడ బెల్లాన్నే బంగారం అంటారు. మొక్కులో ఆశ ఒక్కటే ఉండదు, బాకీ కూడా ఉంటుంది. పని జరిగితే చెల్లించి తీరాలి, చెల్లించకపోతే మనసు ఊరుకోదు. ‘దేవుని మీద భారమేసినం’ అని మనం అన్నప్పుడు, మా చేతనైనదంతా చేశాం, ఇంకా చేస్తాం, ఆ పైన మా శక్తి చాలదు అనే ఒప్పుకోలు అందులో ఉంటుంది. ఆస్పత్రి వరండాలో డాక్టరు ఆ మాట అంటే మనకు కోపం రాదు, చేతులు జోడిస్తాం. ఆ అమ్మాయి మనసులో ఉన్నది ఈ మాట. దానికి సరిపడే ఇంగ్లీషు మాట కోసం నా కాగితంలో వెతికితే దొరికింది లాటరీ మాట. మొక్కు బరువును తీసుకెళ్లి లాటరీ టికెట్ మీద పెట్టినట్టయింది, అవతలివారికి టికెట్ ఒక్కటే కనిపించింది.

ఇంకొక సంగతి కూడా ఉంది. అదే మాటను ఆ మహిళ పొరుగింటావిడ అని ఉంటే ఏ గొడవా వచ్చేది కాదు. యంత్రం ఎప్పుడు వస్తుందో పొరుగింటావిడ చేతిలో లేదు. జవాబు రాస్తున్న సంస్థ చేతిలో ఉంది, లేదా ఉండాలి. ఫలితం ఎవరి చేతిలో ఉందో వారే ‘ఫింగర్స్ క్రాస్డ్’ అంటే, చేయవలసిన పనిని చేయకుండా చేతులు దులుపుకున్నట్టు వినిపిస్తుంది.

ఆ రాత్రి రాసిన జవాబు

పాఠం సంగతి తర్వాత, ముందు మర్నాడు పొద్దున్నే పంపవలసిన జవాబు ఉంది. రాత్రి తొమ్మిదిన్నర దాకా కూర్చున్నాం. మొదటి చిత్తులో నాలుగు చోట్ల సారీ ఉంది. రెండో చిత్తులో ‘వి విల్ డూ ద నీడ్‌ఫుల్’ అని రాసింది. మన కార్యాలయాల్లో రోజూ వినిపించే ఈ మాటకు ఇంగ్లండ్ పాఠకుల దగ్గర పాతకాలపు సర్కారు ఉత్తరం వాసన వస్తుంది, పైగా ఏం చేస్తారో ఒక్క ముక్క కూడా చెప్పదు. మూడోదాంట్లో ‘ఐ హోప్ అండ్ ప్రే’ వచ్చింది. ఈసారి బరువు సరిపోయింది గాని అది స్నేహితురాలు రాయవలసిన మాట. సంస్థ ప్రార్థిస్తోందంటే వినియోగదారుకు మరింత గుబులు పుడుతుంది.

అప్పుడు కలం పక్కన పెట్టించి తెలుగులో ఒకే మాట అడిగాను: రేపు పొద్దున నువ్వు ఏం చేయబోతున్నావు? మరమ్మతు కేంద్రానికి ఫోన్ చేస్తానంది. ఎన్ని గంటలకు? పదిన్నరకు. వాళ్లు ఎత్తకపోతే? మళ్లీ రెండు గంటలకు. అయినా ఏం తెలియకపోతే? అప్పుడైనా ఆ మేడమ్‌కు సాయంత్రం లోపల ఒక మెయిల్ పెడతానంది. ఇది రాయమన్నాను. ‘ఐ విల్ కాల్ ద రిపెయిర్ సెంటర్ దిస్ మార్నింగ్, అండ్ ఐ విల్ రైట్ టు యు బై ద ఈవినింగ్, వెదర్ ఆర్ నాట్ దే హ్యావ్ యాన్ ఆన్సర్.’ ముందు ఒక్క సారీ, తర్వాత ఈ వాక్యం, చివర తన పేరు. టీమ్ లీడర్ ఒక్క అక్షరం మార్చకుండా పంపనిచ్చారు. ఆ మహిళ దగ్గర నుంచి ధన్యవాదాలు తప్ప మరో మాట రాలేదు, ఆ సమయంలో అదే ఎక్కువ. తొమ్మిదో రోజున యంత్రం వారింటికి చేరింది, కాని చెవిలో అమరే అచ్చు సరిపోక ఇంకొకటి చేయించవలసి వచ్చింది. దాని కొలతకు, బిగింపుకు మరో మూడు వారాలు పట్టింది.

భయం వల్ల వచ్చిన కొత్త తప్పు

దెబ్బ తగిలిన విద్యార్థి ఆ మాటనే కాదు, ఆ మాట చుట్టుపక్కల ఉన్నవన్నీ వదిలేస్తారు. ఈ అమ్మాయి కూడా అంతే చేసింది. తర్వాతి వారాల్లో ఆమె నాకు చూపించిన జవాబుల్లో ఒక్క జాతీయం లేదు. తప్పులూ లేవు. కాని చదువుతుంటే తహసీల్దారు కార్యాలయం నోటీసు చదివినట్టు ఉండేది.

అది కార్యాలయం చాట్‌లోకి కూడా పాకింది. తనకంటే పదేళ్లు పెద్దదైన సహోద్యోగి కూతురు ఎంసెట్ రాసి ర్యాంకు కోసం చూస్తోంది. అందరూ ఇంగ్లీషులోనే రాసుకునే గ్రూపు అది. రేపు రిజల్ట్ అని ఆ అక్క రాస్తే మిగతావారు ఫింగర్స్ క్రాస్డ్ అని, ఆల్ ద బెస్ట్ అని పెట్టారు. ఈ అమ్మాయి ఆ మాట జోలికి పోకుండా ‘టచ్ వుడ్ అక్కా’ అని పెట్టింది. అక్కకు అర్థం కాలేదు. దాన్ని దిద్దుకుందామని ‘ఐ సిన్సియర్లీ విష్ దట్ యువర్ డాటర్ సెక్యూర్స్ ఎ గుడ్ ర్యాంక్’ అని రాసింది. నా మీద ఏమన్న కోపమా అని అక్క విడిగా అడిగింది.

టచ్ వుడ్ గురించి ఇక్కడ ఆగి చెప్పడం అవసరం, ఎందుకంటే మన దేశంలో ఈ మాట వాడకం చాలా ఎక్కువ, పొరపాటూ ఎక్కువ. బ్రిటన్‌లో టచ్ వుడ్, అమెరికాలో నాక్ ఆన్ వుడ్. మంచి మాట ఒకటి మన నోటితో అనేశాక, అది చెడిపోకుండా చెక్కను తాకడం. ‘పదేళ్లుగా మా బండికి ఒక్క ప్రమాదం జరగలేదు, టచ్ వుడ్’ అంటారు. మన ఇళ్లలో బిడ్డ బొద్దుగా ఉన్నాడని ఎవరైనా అంటే తల్లి ఆ సాయంత్రం ఉప్పు, మిరపకాయలు తిప్పి దిష్టి తీయడం ఎందుకో, ఇదీ అందుకే. కాబట్టి ముందు ఒక మంచి మాట ఉండాలి, దానికి కాపలాగా టచ్ వుడ్ రావాలి. ‘రేపు రిజల్ట్’ అన్నది మంచి మాటా కాదు, చెడ్డ మాటా కాదు. కాపలా కాయడానికి అక్కడ ఇంకా ఏమీ లేదు. అక్కడ కావలసింది కోరిక, అంటే సరిగ్గా ఆమె భయపడి వదిలేసిన ఫింగర్స్ క్రాస్డ్. దిష్టితో పోల్చి చెప్పిన తర్వాత ఆమె ఈ రెండింటినీ మళ్లీ ఎప్పుడూ తారుమారు చేయలేదు. ఇంగ్లీషు వివరణ పది నిమిషాలు చెప్పినా దిగనిది మన వంటింటి ఉప్పు, మిరపకాయలతో ఒక్క నిమిషంలో దిగింది.

చీటీలు

ఆ ఆదివారం మరో ఇద్దరు పాత విద్యార్థులతో పాటు ఆమెను కూర్చోబెట్టి, పద్నాలుగు సందర్భాలు విడివిడి చీటీల మీద రాసి బల్ల మీద పోశాను. ఏ సందర్భంలో ఈ జాతీయం నప్పుతుందో అవి ఒక కుప్ప, నప్పనివి ఇంకొక కుప్ప. వారికి నేను ఇచ్చిన కొలబద్ద ఒక్కటే: ఫలితం మాట్లాడే మనిషి చేతిలో ఉందా, లేదా? చేతిలో ఉంటే అనకూడదు, లేకపోతే అనవచ్చు. అప్పటికి ఆ ప్రశ్న ఒక్కటే చాలని నేను అనుకున్నాను.

ఎక్కువ చీటీలు త్వరగా తేలాయి. కాజీపేటలో రైలు గంట లేటు, ఇంటర్వ్యూకు వెళ్లే మిత్రుడు ప్లాట్‌ఫారం మీద ఉన్నాడు: అనవచ్చు. వినియోగదారు డబ్బు వాపసు ఇవ్వవలసింది నువ్వే: అనకూడదు. వీసా దరఖాస్తు ఇచ్చి వచ్చిన చెల్లెలు: అనవచ్చు. ‘ఈ రిపోర్టు సాయంత్రానికి పూర్తవుతుంది, ఫింగర్స్ క్రాస్డ్’ అన్న చీటీని నేను నప్పని కుప్పలో వేశాను. ఆమె తీసి ఇవతల పెట్టింది. తన కార్యాలయంలో తోటివారు ఒకరితో ఒకరు రోజూ ఇలాగే రాసుకుంటారని, నీ పక్క సీటు మనిషికి రాస్తే పర్వాలేదని, మేనేజరుకు రాస్తే మాత్రం బాగుండదని అంది. ఆమె చెప్పిందే సరైనది. తోటివారి మధ్య అది మాట ఇస్తూనే కొంచెం వెసులుబాటు ఉంచుకోవడం. పై అధికారికి రాస్తే అది పని మీద నమ్మకం లేకపోవడం.

తొమ్మిదో చీటీ దగ్గర అందరూ ఆగిపోయారు. నేను రాసింది ఇది: ‘పత్తి గింజలు పెట్టి పన్నెండు రోజులైంది, వాన లేదు. ఒక రైతుతో మాట్లాడుతున్నావు.’ నా కొలబద్ద ప్రకారం తేలికైన చీటీ అది. వాన ఎవరి చేతిలోనూ లేదు, కాబట్టి అనవచ్చు. మిగతా ఇద్దరూ దాన్ని అనవచ్చు అన్న కుప్పలో వేయబోయారు. ఆ అమ్మాయి చీటీ మీద చెయ్యి పెట్టి ఆపింది.

‘‘మా నాయినతోని ఇట్ల అంటె కొట్టినట్టే ఉంటది సార్. రెండోసారి గింజలు కొనాల్నంటె మల్ల అప్పు తేవాలె.’’

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నేను తయారు చేసుకు వచ్చిన ప్రశ్న సగమే అని నాకు అక్కడ తెలిసింది. ఫలితం ఎవరి చేతిలో ఉందన్నది మొదటి ప్రశ్న మాత్రమే. అది తప్పితే పోయేది ఎంత, పోయేది ఎవరిది అన్నది రెండో ప్రశ్న, బహుశా అదే పెద్దది. ఇంగ్లండ్ మహిళ విషయంలోనూ అసలు నొప్పి అక్కడే ఉంది. సంస్థ బాధ్యత ఒక్కటే అయితే ఆమె విసుక్కుని ఊరుకునేది. తలుపు చప్పుడు కూడా వినబడని తల్లి గురించి మాట్లాడుతుంటే లాటరీ మాట వచ్చింది కాబట్టే ఆమె తిరిగి రాసిన జవాబు అంత చల్లగా వచ్చింది. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి పట్టుకెళ్లిన రైతుతో ఇవాళ ధర బాగా రావాలని మనం అనే మాట, అతని కళ్లలోకి చూస్తూ అనే మాట. వేళ్లు మెలివేసి చూపించే మాట కాదు.

పద్నాలుగు చీటీలనూ ఈ రెండో ప్రశ్నతో మళ్లీ మొదటి నుంచి చూశాం. ఆపరేషన్ గురించిన చీటీ ఒకటి కుప్ప మారింది. వీసా చీటీ మీద వాదన జరిగింది. చెల్లెలు చదువుకు వెళ్తోందా, అప్పు చేసి బతుకుదెరువు కోసం గల్ఫ్‌కు వెళ్తోందా అని అడిగారు. ఆ తేడా నా చీటీలో లేదు, దాన్ని రెండు చీటీలుగా చించి రాయవలసి వచ్చింది.

వాక్య నిర్మాణం మీద ఎక్కువసేపు గడపలేదు, అవసరం పడలేదు. ఎవరి కోసమో చెప్పాలంటే ‘ఫర్’ వస్తుంది: ‘ఐ విల్ కీప్ మై ఫింగర్స్ క్రాస్డ్ ఫర్ యు.’ ఏం జరగాలో చెప్పాలంటే ‘దట్’ వస్తుంది. ‘ఫింగర్ క్రాస్’ అని, ‘ఫింగర్స్ క్రాస్’ అని మన వాళ్లు రాసే ముక్కలు రెండూ తప్పే. వేళ్లు బహువచనంలోనే ఉంటాయి, క్రియ చివరి ‘డ్’ పోకూడదు. పరీక్ష రాసేసి ఫలితం కోసం చూస్తున్నప్పుడు కూడా అనవచ్చు, ఎందుకంటే జరిగిపోయినా మనకు ఇంకా తెలియదు. ఫలితం తెలిసిపోయాక ఇక ఆ మాటకు పని లేదు. పూర్తిగా తెలుగులోకి మార్చి చదివి ‘వేళ్లు కట్టుకుని కూర్చోవడం’ అని, అంటే ఏ పనీ చేయకపోవడం అని అర్థం చేసుకున్న విద్యార్థులు కూడా నాకు తారసపడ్డారు; చేతులు కట్టుకు కూర్చోవడం అనే మన మాట వారిని అటు లాగింది.

సైగ గురించి ఆమె ఒక ప్రశ్న అడిగింది: మెయిల్ చివర వేళ్ల బొమ్మ పెట్టవచ్చా అని. ఫోన్లలోని ఆ బొమ్మ 2016లో, అక్షరాలకూ బొమ్మలకూ సంకేతాలిచ్చే యూనికోడ్ ప్రమాణం 9.0 కూర్పుతో వచ్చింది, ఇప్పుడు చాట్‌లలో తరచుగా కనిపిస్తుంది. తోటివారి చాట్‌లో పెట్టుకోవచ్చు. వినియోగదారుకు వద్దన్నాను, రెండు కారణాలు చెప్పాను. వియత్నాంలో ఆ సైగ బూతు. ఇంగ్లీషు వారిలోనే చేతిని వీపు వెనక దాచి అలా వేళ్లు మెలివేస్తే, ఇచ్చిన మాట చెల్లదని, చెబుతున్నది అబద్ధమని పిల్లలు చెప్పుకుంటారు. జర్మన్లు అయితే అదృష్టం కోరుకోవడానికి వేళ్లు మెలివేయరు, బొటనవేలిని పిడికిట్లో నొక్కి పట్టుకుంటారు. మాట దాటిన సరిహద్దులన్నింటినీ సైగ దాటలేదు.

ఆ మహిళ మళ్లీ రాసిన రోజు

చెవి అచ్చు బిగించే రోజు దగ్గర పడ్డాక ఇంగ్లండ్ నుంచి ఒక చిన్న మెయిల్ వచ్చింది. పాత కోపం అందులో లేదు. సోమవారం అమ్మను తీసుకెళ్తున్నాం, ఈసారైనా సరిపోతుందేమో చూడాలి అని రాసి, చివర ఆవిడే ‘ఫింగర్స్ క్రాస్డ్’ అని ముగించారు.

ఆ అమ్మాయి మధ్యాహ్నం భోజనం వేళ నాకు ఫోన్ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడింది, పక్కన టీమ్ లీడర్ ఉన్నారేమో. ‘‘సార్, ఆమెనే రాసింది. ఇప్పుడు నేను అనొచ్చునా?’’

ఒక క్షణం ఆలోచించి అనవచ్చని చెప్పాను. పోగొట్టుకునేది ఎవరో వారే ఆ తేలిక మాటను ముందు తెచ్చినప్పుడు, దాన్ని అందుకోవడం మర్యాద. అందుకోకపోతే వారు చాచిన చెయ్యిని వదిలేసినట్టు. పైగా సంస్థ చేయవలసిన పని అప్పటికి పూర్తయింది. అచ్చు సరిపోతుందా లేదా అన్నది ఇప్పుడు నిజంగానే ఎవరి చేతిలోనూ లేదు. అయితే ఆశ్చర్యార్థకం వద్దన్నాను. ఆమె పంపింది ఇది: ‘ఫింగర్స్ క్రాస్డ్ ఫర్ యువర్ మదర్ ఆన్ మండే. ప్లీజ్ రైట్ టు మి డైరెక్ట్లీ ఇఫ్ ఎనీథింగ్ ఈజ్ స్టిల్ నాట్ రైట్.’ నాలుగు వారాల క్రితం ఆమెను దెబ్బతీసిన మాటే మొదటి వాక్యంలో ఉంది; దాని వెనకే, ఫలితం అటూ ఇటూ అయితే నేనున్నానని చెప్పే రెండో వాక్యం ఉంది. రెండో వాక్యం నేను చెప్పింది కాదు.

అచ్చు సరిపోయింది. జవాబులు చూపించి పంపాలన్న షరతును టీమ్ లీడర్ తర్వాతి నెలలో తీసేశారు.

నా కాగితాన్ని మార్చాను. నలభై జాతీయాలకు బదులు ఇప్పుడు పదకొండే ఉన్నాయి, ఒక్కో దానికి ఒక పూట పడుతోంది. అర్థం రాసే గడి పక్కన మరో రెండు గడులు గీశాను: ఫలితం ఎవరి చేతిలో ఉంది, తప్పితే పోయేది ఎవరిది. వాటిని విద్యార్థులే నింపాలి. పత్తి రైతు చీటీని మాత్రం అలాగే ఉంచాను. మొన్నటి బ్యాచ్‌లో నర్సంపేట వైపు నుంచి వచ్చే ఒక అబ్బాయి, ఇంట్లో మిర్చి వేస్తారు, ఆ చీటీ పట్టుకుని నిలబడి అడిగాడు: ‘‘సార్, ఆ రైతే మనతోని ముందుగల్ల ఫింగర్స్ క్రాస్డ్ అంటె?’’ అయితే నువ్వూ అను అని చెప్పి, అన్నాక ఇంకేం అంటావో కూడా రాసి తెమ్మన్నాను.